అమ్మమ్మ అమ్మిన పాలసీలు గుడిలో చదవదగిన సంగతులే

ప్రశ్న క్లుప్తంగా ఇది: "మా అమ్మమ్మ గత నెల ప్రభువునందు నిద్రించింది. దివిసీమ ఉప్పెన తర్వాతి సంవత్సరం ఏజెన్సీ తీసుకుని, రేపల్లె ప్రాంతంలో ముప్పయ్యేళ్లకు పైగా ఎల్‌ఐసీ ఏజెంటుగా పనిచేసింది. లూథరన్ సంఘంలో స్త్రీల సమాజాన్ని నడిపింది. నలుగురు పిల్లల్ని పెంచింది. జ్ఞాపకార్థ కూడికలో పంచే చిన్న పుస్తకానికి ఆమె జీవితం రాసే పని నాకు అప్పగించారు. పెద్దమామయ్య మాత్రం, 'పాలసీలూ కమీషన్లూ గుడిలో ఎందుకమ్మా, భక్తి గురించీ కుటుంబం గురించీ రాయి, చాలు' అంటున్నారు. నేను ఏమి రాయాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?"

అమ్మా, ముందుగా మీ ఇంటిల్లిపాదికీ నా సానుభూతి. నేను కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఏజెంట్లను చేర్చుకుని వాళ్ల పని చూసే ఎల్‌ఐసీ డెవలప్‌మెంట్ ఆఫీసరుగా (డీఓగా) పనిచేసి రిటైరయ్యాను. మాది బాప్టిస్టు సంఘం. ఉద్యోగ విరమణ తర్వాత మా సంఘంలోనూ చుట్టుపక్కల సంఘాల్లోనూ ఇలాంటి పుస్తకాలు రాసుకునే కుటుంబాలకు సాయపడుతున్నాను. మీ మామయ్యగారు తల్లి మీద గౌరవంతోనే ఆ మాట అని ఉంటారు. అయినా ఆ మాట ప్రకారం రాయవద్దనే నా సలహా. ముప్పయ్యేళ్ల పని తీసేశాక ఆమె భక్తి గురించి రాయడానికి మీకు విశేషణాలు తప్ప మరేమీ మిగలవు.

నా దగ్గరికి వచ్చే పుస్తకాల్లో చాలావాటిలో అవే మూడు మాటలు ఉంటాయి: ప్రార్థనాపరురాలు, ప్రేమామయి, అతిథులను ఆదరించేది. ఫోటో మార్చి మరొకరి పుస్తకంలో వేసినా ఎవరూ గుర్తుపట్టలేరు. ఆ మాటలు అబద్ధాలు కావు. కానీ మీ అమ్మమ్మగారిని ఎరిగిన మనిషి అవి చదివి, "అవును, ఆవిడే" అని తల ఊపడానికి ఆ మూడు మాటలూ చాలవు.

మామయ్యగారితో మాట్లాడేటప్పుడు వాదన పెట్టుకోకండి. బైబిలు తెరిచి రెండు చోట్లు చూపించండి. మన సంఘాల్లో స్త్రీల భూస్థాపన అనగానే సామెతలు 31వ అధ్యాయం చదువుతారు. ఆ గుణవతి ఏం చేస్తుందో ఒక్కసారి నెమ్మదిగా చదవండి. పొలం చూసి, ఆలోచించి కొంటుంది. నార బట్టలు నేయించి అమ్ముతుంది. నడికట్లు వర్తకులకు ఇస్తుంది. తన వ్యాపారంలో లాభం ఉందని అనుభవంతో తెలుసుకుంటుంది. ఆమెను పొగిడిన వచనాల్లో ఎన్నో ఆమె పని గురించీ క్రయవిక్రయాల గురించే. రెండోది అపొస్తలుల కార్యములు 16. ఫిలిప్పీలో పౌలు మాట విన్న లూదియ ఊదారంగు సరుకు అమ్ముకునే స్త్రీ. లేఖనం ఆమె ఊరు చెప్పింది, వృత్తి చెప్పింది, దైవభక్తి చెప్పింది, ఇంటివారితో కలిసి బాప్తిస్మం పొందిందని చెప్పింది. ఆ మూడు నాలుగు వాక్యాల్లో వృత్తిని దాచాలని రాసినవారికి అనిపించలేదు. మీకూ అనిపించనవసరం లేదు.

ఇక మీ ప్రాంతం సంగతి. 1842లో అమెరికా లూథరన్ మిషనరీ హయ్యర్ అయ్యగారు గుంటూరు వచ్చిన దగ్గర నుంచి లూథరన్ మిషను ఆ జిల్లాలో పల్లెపల్లెకూ పాకింది. తర్వాతి రోజుల్లో మగవాళ్లు అడుగుపెట్టలేని ఇళ్లలోకి వెళ్లి వాక్యం చదివి వినిపించడానికి బైబిలు స్త్రీలను పంపేవారు. ఎండలో నడిచి వెళ్లి, అరుగు మీద కూర్చుని, ముందు పిల్లల జ్వరం గురించి అడిగి, ఇంటి ఆడవాళ్లు మనసు విప్పాక గాని పుస్తకం తెరవని స్త్రీలు వాళ్లు. మహిళా ఏజెంట్లతో కలిసి ఊళ్లు తిరిగినన్నాళ్లూ నాకు వాళ్లే గుర్తుకువచ్చేవారు. మగ ఏజెంటు ఇంటి యజమానితో వీధి గదిలో మాట్లాడి వచ్చేవాడు. ఆడ ఏజెంటు వంటింటి గడప దాకా వెళ్లేది. ఆ ఇంట్లో ఏ నెల డబ్బు మిగులుతుందో, ఎవరు తాగి ఖర్చు చేస్తారో, ఏ అమ్మాయి పెళ్లికి ఎదుగుతోందో ఆమెకే తెలిసేది. మీ అమ్మమ్మగారి తల్లిగాని, అత్తగారుగాని, మేనత్తగాని బైబిలు స్త్రీగా పనిచేశారేమో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. అవునంటే మీ పుస్తకానికి అదే మొదటి పేజీ. కాకపోయినా, ఇల్లిల్లూ తిరిగే ధైర్యం ఆమెకు ఎక్కడ అలవడిందో కనుక్కుని రాయండి.

ఆమె ఉప్పెన తర్వాతి సంవత్సరం ఏజెన్సీ తీసుకున్నారని మీరు రాశారు. ఆ ఒక్క వాక్యంలో చాలా ఉంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. రేపల్లె, బాపట్ల తీరం కూడా దెబ్బతిన్నది. అంతకుముందు బీమా మాట ఎత్తితే, "చావు గురించి ముందే మాట్లాడతావేమిటి" అని విసుక్కునే ఇళ్లలో ఆ తర్వాత ఆ మాట వినే ఓపిక వచ్చింది. ఆ రోజుల్లో ఆమె ఏమి చూశారో, ఎవరిని పోగొట్టుకున్నారో, ఆ పనిలోకి రావడానికి అదే కారణమా, లేక ఇంటి అవసరమా, మీ అమ్మగారికి తెలిసే ఉంటుంది. అవసరమే అయితే అవసరమనే రాయండి. బడిపంతులు జీతంతో నలుగురు పిల్లల చదువు సాగక పనిలోకి వచ్చిన స్త్రీలు మా బ్రాంచీల్లో ఎంతోమంది. పిల్లల ఫీజు కోసం కష్టపడటం కూడా భక్తిలో భాగమే.

ఆమె పని ఎలా ఉండేదో పాఠకులకు కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇప్పటి పిల్లలకు ఫోనులో ప్రీమియం కట్టడమే తెలుసు. ఎల్‌ఐసీ 1956 సెప్టెంబరు 1న, 245 బీమా కంపెనీలనూ ప్రావిడెంట్ సొసైటీలనూ కలిపి ఏర్పడింది. వాటిలో మన మచిలీపట్నంలో పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా ఇన్సూరెన్స్ జీవిత బీమా వ్యాపారం కూడా ఉంది. (మీ ఇంట్లో పాత ట్రంకుపెట్టె ఉంటే వెతకండి. ఆ కంపెనీ బాండ్లు, అంటే పాలసీ పత్రాలు, ఇప్పటికీ కొన్ని ఇళ్లలో కనిపిస్తుంటాయి.) 1978లో ఏజెంటు చేతిలో ఉండేవి రేట్ల పుస్తకం, ప్రపోజల్ ఫారాలు (పాలసీ కోసం నింపే దరఖాస్తులు), ఒక డైరీ. పల్లెకు ఎర్రబస్సు, అక్కడి నుంచి నడక. మేము పాలసీని 'కేసు' అనీ, కొనేవారిని 'పార్టీ' అనీ అంటాం. ఒక కేసు పూర్తి కావాలంటే పార్టీ ఇంటికి నాలుగైదుసార్లు తిరగాలి. వయసు రుజువు సంపాదించాలి, డాక్టరు పరీక్షకు తీసుకువెళ్లాలి, మొదటి ప్రీమియం కట్టించాలి, బాండు వచ్చాక తీసుకెళ్లి చేతికివ్వాలి. ఇప్పుడు బీమా సఖి పేరుతో మహిళా ఏజెంట్లకు మొదటి మూడేళ్లు నెలనెలా స్టైపెండు ఇస్తున్నారు. మంచి పథకం. మీ అమ్మమ్మగారు చేరినప్పుడు కేసు అయితేనే కమీషన్, లేకపోతే బస్సు చార్జీ కూడా చేతిదే.

ఏజెంటు పట్టుకు తిరిగే సంచి మీద ఎల్‌ఐసీ గుర్తు ఉండేది, దీపాన్ని కాపాడే రెండు చేతులు, కింద భగవద్గీత వాక్యం. అదే సంచిలో ఆమె బైబిలు కూడా ఉండి ఉంటుంది. పల్లెల్లో దాన్ని ఎవరూ వింతగా చూడలేదు. ఆమె పార్టీల్లో హిందువులూ ముస్లిములూ ఎక్కువమందే ఉంటారు, వాళ్ల జ్ఞాపకాలు కూడా పుస్తకంలోకి రావాలి.

ఆమె విశ్వాసం పనిలో ఎక్కడ కనిపిస్తుందో ఇప్పుడు చెబుతాను. నేను బలంగా నమ్మేది ఇదే కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

మొదటిది ప్రపోజల్ ఫారం. అందులో ఆరోగ్యం గురించి ప్రశ్నలుంటాయి. పార్టీకి షుగరు ఉందని ఏజెంటుకు తెలుసు. రాస్తే ప్రీమియం పెరగవచ్చు, కేసు చేజారవచ్చు. రాయకపోతే ఆ నెల కమీషన్ ఖాయం. కానీ పాలసీ తీసుకున్న తొలి సంవత్సరాల్లో మరణం జరిగితే సంస్థ విచారణ జరుపుతుంది. బీమా చట్టం 45వ సెక్షను ప్రకారం ఆ గడువు 2015 సవరణకు ముందు రెండేళ్లు, ఇప్పుడు మూడేళ్లు. దాచిన జబ్బు బయటపడితే క్లెయిము తిరస్కరిస్తారు. నష్టపోయేది ఆ ఇంటి విధవరాలు. ఈ సంగతి తెలిసి, పార్టీ కోపగించుకున్నా ఉన్నది ఉన్నట్టు రాసిన ఏజెంట్లను నేను చూశాను. వాళ్లకు కేసులు తక్కువ, తిరస్కరించిన క్లెయిములు దాదాపు లేవు.

రెండోది రిబేటు. "మొదటి ప్రీమియంలో మాకెంత వదులుతారు?" అని అడగని పార్టీ అరుదు. ఏజెంటు తన కమీషన్‌లో వాటా ఇవ్వడం 41వ సెక్షను ప్రకారం నిషిద్ధం. ఆ సెక్షను ప్రపోజల్ ఫారం మీదే అచ్చయి ఉంటుంది. అయినా పోటీలో చాలామంది ఇచ్చారు, ఇస్తున్నారు. ఇవ్వనని చెప్పి కేసు పోగొట్టుకోవడానికి ఎంత నిబ్బరం కావాలో ఆ వృత్తిలో ఉన్నవారికే తెలుసు. మీ అమ్మమ్మగారు ఏమి చేసేవారో ఆమెతో కలిసి పనిచేసిన ఏజెంట్లను అడగండి. ఇవ్వలేదని ఇద్దరు ముగ్గురు చెబితే ఆ సంగతి తప్పకుండా రాయండి. దొంగత్రాసు గురించి లేఖనం చెప్పినదాన్ని ఆమె తన జీవనోపాధిలో పాటించారని దానర్థం.

మూడోది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది, క్లెయిము. క్లెయిము విషయంలో కుటుంబానికి సాయపడాలని ఏజెంట్ల నిబంధనల్లో ఉంది గాని, దానికి కమీషన్ లేదు. అయినా మంచి ఏజెంటు పార్టీ చనిపోయిన ఇంటికి మొదటి రోజుల్లోనే వెళుతుంది. బాండు ఎక్కడ పెట్టారో వెతికిస్తుంది, మరణ ధ్రువపత్రం తెప్పిస్తుంది, 3783 నంబరు ఫారం దగ్గర కూర్చుని నింపిస్తుంది. నిబంధనలు తెలిసిన ఏజెంటు వల్ల ఒక కుటుంబానికి ఎంత తేడా వస్తుందో ఒక ఉదాహరణ చెబుతాను. ప్రీమియం కట్టడం ఆగిపోతే పాలసీ చచ్చిపోయినట్టేనని చాలా ఇళ్లలో బాండు చింపేస్తారు. పాత సంప్రదాయ పాలసీల్లో మూడేళ్లు పూర్తిగా కట్టి ఉంటే, కట్టని మొదటి వాయిదా నుంచి ఆరు నెలల లోపు మరణం జరిగినా, బకాయి మినహాయించి పూర్తి బీమా మొత్తం ఇచ్చే వెసులుబాటు ఉండేది. అయిదేళ్లు కట్టి ఉంటే ఏడాది దాకా. ఆ తర్వాతైనా పెయిడప్ విలువ, అంటే కట్టినంత మేరకు తగ్గిన బీమా మొత్తం, మిగులుతుంది. "ఆ బాండు పారేయకు, నాకివ్వు" అని ఒక ఏజెంటు అడిగితేనే ఆ డబ్బు ఆ ఇంటికి చేరుతుంది. మీ అమ్మమ్మగారి ముప్పయ్యేళ్లలో అలాంటి ఇల్లు ఒక్కటైనా ఉండి తీరుతుంది. దాన్ని వెతికి పట్టుకోండి. ఆ ఇంటి సంగతి ఒక్కటి వివరంగా రాస్తే పుస్తకంలో పది పేజీల పొగడ్త అక్కర్లేదు.

కమీషన్ గురించి కూడా సిగ్గుపడనవసరం లేదు. చాలాకాలం పాటు దీర్ఘకాలిక పాలసీల మీద మొదటి ఏడాది ప్రీమియంలో 25 శాతం, రెండు మూడు సంవత్సరాల్లో 7.5 శాతం, ఆపైన 5 శాతం ఉండేది. మొదటి ఏడాది డబ్బు చూసి వచ్చేవాళ్లు త్వరగా మానేస్తారు. ముప్పయ్యేళ్లు నిలిచినవాళ్లు ఆ 5 శాతం మీద బతికినవాళ్లు. అంటే ప్రీమియం ఆగి పాలసీ ల్యాప్స్ (రద్దు) కాకుండా ఏటా గుర్తుచేస్తూ, పార్టీతో ఇరవై ఏళ్లు మాట కలుపుకుంటూ వచ్చినవాళ్లు. కొందరు పార్టీ చేతిలో డబ్బు లేని నెలలో తమ డబ్బు కట్టి తర్వాత వసూలు చేసుకునేవారు, కొన్నిసార్లు వసూలయ్యేది కాదు. మీ ఇంట్లో ఈ విషయం మీద గొడవలు జరిగి ఉంటే అవీ మీ అమ్మగారికి గుర్తుంటాయి.

కుటుంబం గురించి అందరూ రాసేదే రాయకుండా, మార్చి నెల ఎలా గడిచేదో అడగండి. మాకు ఆర్థిక సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది, ఆ నెలంతా క్లోజింగ్ హడావుడి. మీకు తెలిసినట్టే ఈస్టరుకు ముందు పాటించే శ్రమల దినాలు కూడా అప్పుడే వస్తాయి. ఒకవైపు శుక్రవారం ఆరాధనలు, స్త్రీల సమాజం కూడికలు, మరోవైపు బ్రాంచి నుంచి "ఇంకా ఎన్ని కేసులు?" అన్న ఒత్తిడి. 1991లోనూ 2002లోనూ ఈస్టరు సరిగ్గా మార్చి 31నే వచ్చింది. ఆమె డైరీలు మిగిలి ఉంటే ఆ రెండేళ్ల చివరి వారం పేజీలు ముందు తెరవండి. ఆ వారాల్లో ఇంట్లో వంట ఎవరు చేశారు, చిన్నపిల్లలను ఎవరు చూశారు, సాయంత్రం కుటుంబ ప్రార్థన ఎవరు నడిపారు? సాధారణంగా పెద్దకూతురు. మీ అమ్మగారే పెద్దకూతురైతే ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టుకుని, "అమ్మమ్మ ఇంట్లో లేదని నీకు బాధ అనిపించేదా?" అని అడగండి. అవునని చెబితే, ఆమె ఒప్పుకున్నంత మేరకు రాయండి. తాతగారు పొయ్యి దగ్గర నిలబడి పిల్లలకు అన్నం వండిన రోజులుంటే అవి కూడా. ఆ తరంలో భార్య సంచి పట్టుకుని ఊళ్లు తిరుగుతుంటే చుట్టుపక్కలవాళ్ల మాటలు పడిన భర్త గురించి ఒక పేరా రాయడం న్యాయం.

ఇక సమాచారం ఎక్కడ దొరుకుతుందంటే, ముందు ఆమె బీరువాలో. నియామక పత్రం, ఏజెన్సీ కోడు, కమీషన్ స్టేట్‌మెంట్లు, క్లబ్ సభ్యత్వ పత్రాలు (ఎక్కువ వ్యాపారం చేసిన ఏజెంట్లకు బ్రాంచి మేనేజరు, డివిజనల్ మేనేజరు, జోనల్ మేనేజరు, ఛైర్మన్ క్లబ్బులని ఉంటాయి) చూడండి. ఏ క్లబ్బో, ఏ సంవత్సరమో పత్రం మీద ఉన్నట్టే రాయండి, ఒక మెట్టు పెంచి రాయకండి. కూడికకు వచ్చేవాళ్లలో ఆ క్లబ్బు సభ్యులు ఉంటారు. "వేలాది కుటుంబాలకు" లాంటి మాటలు లెక్క లేకుండా వద్దు. ఆమె డీఓగారు బతికి ఉంటే తప్పక కలవండి, మాకు మా ఏజెంట్ల సంగతులు పిల్లలకంటే ఎక్కువ గుర్తుంటాయి. స్త్రీల సమాజం మినిట్స్ పుస్తకం పాస్టరుగారి దగ్గర ఉంటుంది. ఆమె చేతిరాతతో ఉన్న పేజీ ఒకటి ఫోటో తీసి పుస్తకంలో వేయండి. ఆమె ఏటా కొత్త క్యాలెండరు పట్టుకుని వెళ్లిన ఇళ్లకు మీరు ఒకసారి వెళ్లి రండి. మనీబ్యాక్ డబ్బుతో ఏమి చేశారు, మెచ్యూరిటీ డబ్బు ఎవరి చదువుకు, ఎవరి పెళ్లికి పనికొచ్చింది అని అడగండి. ప్రశ్న ఒక్కటి వేసి ఊరుకోండి, మిగిలింది వాళ్లే చెబుతారు.

ఆ ఇళ్ల పేర్లూ, పాలసీ మొత్తాలూ మాత్రం అచ్చువేయవద్దు. ఎవరికి ఎంత వచ్చిందన్నది ఏజెంటు తనలోనే ఉంచుకోవలసిన విషయం, ఆమె కూడా అలాగే ఉంచుకుని ఉంటారు. "మా పక్క ఊరి నేతకారుల కుటుంబం" అని రాస్తే చాలు. అలాగే ఆమె చివరి జబ్బు గురించి రెండు వాక్యాలకు మించవద్దు. కుటుంబాలు ఆ నెలల బాధలో ఉంటాయి కాబట్టి పుస్తకంలో సగం ఆసుపత్రికే పోతుంది. ఎనభై ఏళ్ల జీవితంలో అది చాలా చిన్న భాగం.

మొదలు ఎక్కడ పెట్టాలని కూడా అడిగారు. పుట్టిన తేదీతో మొదలుపెడితే తప్పులేదు, కానీ ఆమె ఒక పార్టీ ఇంటి అరుగు మీద కూర్చుని మాట్లాడుతున్న సందర్భంతో మొదలుపెడితే చదివేవాళ్లు మొదటి పేరాలోనే ఆమెను చూస్తారు. తల్లిదండ్రులు, బాప్తిస్మం, వివాహం, పిల్లల పేర్లు ఆ వెనుక ఒక పేజీలో ఇవ్వండి. మామయ్యగారికి రాతప్రతి ముందే చూపించండి, ఆయన జ్ఞాపకాల్లోంచి ఒక సంగతి అడిగి చేర్చండి. ఆయన దగ్గర ఇంకెవరికీ తెలియనివి ఉంటాయి.

పుస్తకానికి సంబంధం లేకపోయినా చివరగా ఒక పని గుర్తుచేయాలి. ఏజెంటు మరణించాక కూడా, నిబంధనల్లోని సర్వీసు షరతులు నెరవేరితే, ఆమె చేసిన పాలసీల మీద రెన్యూవల్ కమీషన్ (తర్వాతి ఏళ్ల ప్రీమియంల మీద వచ్చేది) నామినీకి లేదా వారసులకు వస్తూనే ఉంటుంది. చాలా కుటుంబాలు ఇది తెలియక వదిలేస్తాయి. మరణ ధ్రువపత్రం, ఏజెన్సీ కోడు, నామినీ ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు తీసుకుని ఆమె పనిచేసిన బ్రాంచికి వెళ్లి ఏజెన్సీ విభాగంలో అడగండి. గ్రాట్యుటీ వర్తిస్తుందా అన్నది కూడా అక్కడే చెబుతారు. ఆమె స్వంత పాలసీలు ఏవైనా ఉంటే అదే రోజు వాటి సంగతి కూడా చూసుకోండి. రాతప్రతి పూర్తయ్యాక ఇక్కడ పెడితే వృత్తికి సంబంధించిన భాగాలు నేను చదివి సరిచూస్తాను.